చీపురు వారం

జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో ఇప్పుడు కార్లు తయారుచేసేదీ మరమనుషులే, కొనుక్కునేదీ మరమనుషులే. దాని రాజధాని స్టుట్‌గార్ట్‌లో మేడల మెట్లు మాత్రం మనిషే ఊడవాలి. అది అక్కడి ఆచారం. "చీపురు వారం" అని రాసిన చెక్కపలక ఎవరి గుమ్మానికి వేలాడితే ఆ వారం వాళ్లది. తప్పితే ఇల్లు ఖాళీ చేయిస్తారు.

విజయనగరం నుంచి వచ్చిన పైడిరాజుకి నడుం వంగదు. అందుకని ఇంట్లో మరమనిషికి తన లుంగీ కట్టి, మంకీ క్యాప్ తొడిగి, చీపురిచ్చాడు.

"మనిషే ఊడవాలన్నారు కదా బావా," అంది భార్య నరసాయమ్మ.

"మరమనిషి మాత్రం మనిషి కాడేటి?"

"కింద ముసల్ది కిటికీ వదిలి కదల్దు. దొరికిపోతావ్."

మెట్ల పక్క కిటికీలోంచి కిందింటి హెబర్లే ముసలమ్మ రోజూలాగే, "మూల వదిలేశావు," అని సాధించింది. అంతలో లుంగీ కాళ్లకి చుట్టుకుని మరమనిషి మెట్ల మీద బోర్లా పడింది. పైడిరాజు కిందికి పరుగెత్తాడు.

కళ్లెదుటే పడివున్న మరమనిషితో ఆమె, "మూల వదిలేశావు," అంది. మళ్లీ అదే అంది. పైడిరాజుకి అనుమానమొచ్చి, దగ్గరికెళ్లి ఆమె తలగుడ్డ తొలగించాడు. దాని కింద తళతళలాడే రేకు ఉంది. లోపలి గదిలోంచి అసలు ముసలమ్మ గురక వినిపిస్తోంది.

అతను తలగుడ్డ మళ్లీ సర్దాడు. తన మరమనిషిని లేపి, లుంగీ బిగించి, పైకెళ్లి పడుకున్నాడు. కింద ఒకటి ఊడుస్తోంది, ఒకటి సాధిస్తోంది. ఆచారానికి ఏ లోటూ రాలేదు.