మాట ఉంది, బొమ్మ లేదు

"మాట వస్తాంది, బొమ్మ రాలే అక్కా," అన్నాడు ఇమ్మానుయేలు, నాలుగోసారి.

"నాకేమన్నా చెవుడా? మాట వస్తాండేది నాకూ వినపడతాంది. బొమ్మ సంగతి చూడు!" కసిరింది లూదియా.

ఆ పొద్దు ఆళ్లగడ్డలో వాళ్లమ్మ దేవమ్మ జ్ఞాపకార్థ కూడిక. ఆమె పోయి ఏడాది. ఎప్పుడో చర్చిలో ఆమె సాక్ష్యం చెప్తాంటే ఎవరో తీసిన సీడీ పది దినాల కింద చేతికొచ్చింది. దాన్ని చూడాలనే తమ్ముడు నంద్యాల పోయి హోం థియేటర్ కొనుక్కొచ్చినాడు.

ఐదు స్పీకర్లలోనూ దేవమ్మ గొంతు ఖంగుమంటాంది. టీవీ మాత్రం నల్లగా, మొండిగా కూర్చుంది.

"నంద్యాల ఆస్పత్రిలో లూదియా పుట్టినప్పుడు నా ఒంట్లో రగతమంతా పొయ్యె. ముక్కూ మొగం తెలీని ఒకాయప్ప రగతమిచ్చి నన్ను బతికిచ్చె. పేరడిగితే, ఇదో, ఇట్లా చేసి పొయ్యె. ఆయప్పకు ఒక్క పూటన్నా నా చేత్తో అన్నం పెట్టల్లని నా ఆశ."

"ఇట్లా అంటే ఎట్లా మా?"

వారం నుంచి లూదియా ఆ నల్లటి తెరను అడుగుతానే ఉంది. ఆ గురుతు ఒక్కటి దొరికితే చాలు. ఆయప్ప యాడున్నా వెతికి, అమ్మ పెట్టలేని ఆ పూట అన్నం తాను పెట్టాలి. ఆమె పట్టు అది.

నంద్యాల అంగడి నుంచి పొద్దున రావాల్సిన మెకానిక్ మధ్యాహ్నం రెండుకు వచ్చినాడు. నెరిసిన తల, మాసిన చొక్కా, భుజాన సంచి.

"ఇప్పుడా వచ్చేది? ఐదుకు జనమొస్తారు!"

"బస్సు దొరకలే పాపా. బొమ్మ రాందే పోనులే."

టీవీ వెనక్కి దూరి చూసి నవ్వినాడు.

"పసుపు వైరు స్పీకరు బొక్కలో దూర్చింది ఎవురు?"

ఇమ్మానుయేలు తల గోక్కున్నాడు. చర్చిలో మైకుసెట్టు చూసేది అతనే. ఉన్న వైర్లన్నీ పాట కోసమే అనుకున్నాడు పాపం.

"సుత్తి తీసుకొని కొట్టినట్టుండావే! లోపల తెగింది. అతకల్ల."

అతుకు పెట్టే కడ్డీ ప్లగ్గులో పెట్టంగానే కరెంటు పోయింది.

"అయిపాయ!" లూదియా నెత్తిన చేతులు పెట్టుకుంది.

ఆయన మాత్రం కడ్డీ తీసుకొని పెరట్లోకి నడిచినాడు. కూడికకు అన్నం వండుతాండే పొయ్యిలో పెట్టినాడు.

"కుండ కాడికి రావద్దప్పా, మసి పడతాది!" అరిచింది లూదియా.

కడ్డీ కాలేది. వైరు కాడికి చేరేలోపు చల్లారేది. మళ్లా పొయ్యి కాడికి. ఎన్నిసార్లు తిరిగినాడో! వేలు చుర్రుమన్నా వదల్లేదు.

"పొద్దున్నుంచి ఏం తినలే పాపా. ఇంత అన్నముంటే..."

"కూడిక కాందే కుండ దించం. ముందు పని చూడు."

ఆయన మళ్లా కడ్డీ పొయ్యిలో పెట్టినాడు.

ఐదవుతాంటే కరెంటు వచ్చింది.

టీవీ నిండా దేవమ్మ! తెల్లచీర కట్టుకొని, బైబిలు పట్టుకొని, పాట పాడతాంది. ఇమ్మానుయేలు కేక పెట్టినాడు. లూదియాకు ఏడుపు ఆగలేదు.

మెకానిక్ సంచి సర్దుకున్నాడు.

"నీ పేరేందప్పా? మళ్లా చెడిపోతే నిన్నే పంపమంటాం," అంది లూదియా కళ్లు తుడుచుకుంటా.

ఆయన నవ్వి, కుడిచెవి తమ్మె పట్టుకొని, ఆ చెయ్యి భుజం మీదుగా వెనక్కి విసిరినాడు.

"పేరెందుకులే పాపా. రేపట్నుంచి ఈ పని లేదు. ఊరిడిసి పోతాండా."

యా ఊరికని ఆమె అడగలేదు. జనం వస్తాన్నారు, సీడీ ఆపి చాపలు పరిచే తొందర.

ప్రార్థన అయినాక సీడీ మొదటినుంచి పెట్టినారు. పాట అయిపోయింది. సాక్ష్యం మొదలైంది. లూదియా తెరకు మూరెడు దూరంలో కూర్చుంది.

పెరట్లో అప్పుడే అన్నం కుండ దించినారు.

"పేరడిగితే, ఇదో, ఇట్లా చేసి పొయ్యె," అంటా దేవమ్మ నవ్వి, కుడిచెవి తమ్మె పట్టుకొని, ఆ చెయ్యి భుజం మీదుగా వెనక్కి విసిరింది.