సెనోను మార్చొద్దు

"వాణ్ణి దింపెయ్యాలి బావా. ఇప్పుడే, ఈ క్షణమే," అన్నాడు గెంజో, బల్ల మీది ఫోన్ వైపు వేలు చూపిస్తూ. ఫోన్‌లోంచి బేస్‌బాల్ వ్యాఖ్యానం సన్నగా వినిపిస్తోంది.

"దింపకూడదు," అన్నాడు హచియా.

గెంజో నోరు వెళ్లబెట్టాడు. అక్క పెళ్లయిన నాటి నుంచి ఈ బావగారితో జట్టు గురించి వాదిస్తూనే ఉన్నాడు. ఎడమచేతి పిచర్ సెనో పేరెత్తితే చాలు, హచియా ఒంటికాలి మీద లేచేవాడు. వేగం సంగతి సరే, బంతి ఎటు పోతుందో విసిరేవాడికే తెలియదని ఈసడించేవాడు. ఇవాళ ఆ నోటితోనే దింపకూడదంటున్నాడు.

హచియా ఇంట్లో సెనోను వెనకేసుకొచ్చేది కూతురు మిహో. కుర్రాడు రెండో జట్టులో ఉన్నప్పుడే ఎండనక వాననక వెళ్లి వాడి ఆట చూసింది. ఈ సీజన్‌ను వాడే ఒడ్డున పడేస్తాడని ఆమె పంతం. వాడే ముంచుతాడని తండ్రి పంతం. అన్నం దగ్గర మొదలైన గొడవ గిన్నెలు కడిగేదాకా సాగేది.

ఇవాళ సీజన్‌లో ఆఖరి ఆట. గెలిస్తే మూడో స్థానం, ప్లేఆఫ్స్. ఓడితే మళ్లీ వసంతం దాకా గోళ్లు గిల్లుకోవడమే. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ నడుస్తోంది. మన జట్టు ఒక్క పరుగు ముందుంది. మొదటి బంతి నుంచీ సెనోనే వేస్తున్నాడు.

మిహో చెప్పింది నిజం కావాలి. హచియాకు ఇవాళ కావలసింది అదొక్కటే.

మిహోను లోపలికి తీసుకెళ్లి గంట దాటింది. పిలిచేదాకా ఈ గదిలో కూర్చోమన్నారు. ఆట ముగియకముందే పిలుస్తారేమోనని అతని భయం. ఫలితం తెలియకుండా కూతురి ముందుకు వెళ్లడం అతనికి ఇష్టం లేదు. ఆఖరి అవుట్ పడకుండానే స్టేడియంలోంచి లేచి వెళ్లేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట.

ఉదయం నుంచి అతనికి ఏమీ అనిపించడం లేదు. ఆకలి లేదు, ఏడుపు లేదు. బూట్లు కరుస్తున్నాయి. ఆ నొప్పి కూడా ఎవరిదో అన్నట్టుంది.

అతని భార్య సదాయె కిటికీ దగ్గర కూర్చుంది. ఆమె ఒళ్లో ప్లాస్టిక్ మెగాఫోన్ ఉంది. స్టేడియంలో చప్పుడు చేయడానికి మిహో కొనుక్కున్నది. దాన్ని లోపలికి పంపడానికి ఇక్కడివాళ్లు ఒప్పుకోలేదు. ప్లాస్టిక్ కుదరదన్నారు. లోహం కుదరదన్నారు. కళ్లద్దాలు కూడా తీసేయించారు. జట్టు తువ్వాలు మాత్రం పర్వాలేదన్నారు. సదాయె దాన్ని తన చేతులతోనే మిహో భుజాల మీద కప్పి వచ్చింది.

గెంజో రెండో బీరు డబ్బా తెరిచాడు.

"సరే, గెలిచామనుకో. ప్లేఆఫ్స్‌లో ఎవడు వేస్తాడు బావా? ఒకిమోతో భుజం పోయింది. కొత్తగా తెచ్చిన అమెరికావాడు మూడు ఇన్నింగ్స్‌కే రొప్పుతాడు. మొత్తం కలిపితే మనకున్నది ఒకటిన్నర పిచర్లు. మొదటి స్థానంవాళ్లు మనల్ని నంజుకు తినేస్తారు."

"మొదటి ఆట సెనో వేస్తాడు."

"మరి రెండోది?"

"ముందు మొదటిది గెలవనీ."

"అచ్చం మిహోలా మాట్లాడుతున్నావు," అన్నాడు గెంజో. పక్క గదిలో ఎవరి పిల్లలో పరుగెడుతున్నారు.

రెండు అవుట్లు పడ్డాయి. ఇంకొక్కటి చాలు. అప్పుడే సెనో చెయ్యి తడబడింది. ఒకడికి నాలుగు బంతులు బయటికి విసిరి ఊరికే బేస్ ఇచ్చాడు. తర్వాతివాడికీ ఇచ్చాడు. ఆ తర్వాతివాడికీ ఇచ్చాడు. మూడు బేసులూ నిండిపోయాయి.

"చూశావా! దానకర్ణుడు!" గెంజో లేచి నిలబడ్డాడు. "ఇంకొకడికి ఇస్తే స్కోరు సమం. ఆ కోచ్ నిద్రపోతున్నాడా?"

"మేలుకునే ఉన్నాడు. అందుకే మార్చడం లేదు."

"పోయిన వారం వాణ్ణి గంపకింద పెట్టి మూసెయ్యమన్నది నువ్వే కదా బావా!"

"అన్నాను. తప్పు. మిహోదే కరెక్టు."

"ఆయన్ని వదిలెయ్యరా గెంజో," అంది సదాయె కిటికీలోంచి చూపు తిప్పకుండానే. "ఆట విననియ్యి."

తర్వాతి బ్యాటర్‌కు మూడు బంతులు బయటికి పోయాయి. రెండు స్ట్రైకులు పడ్డాయి, మూడోది పడితే అవుట్. ఇక మిగిలింది ఒక్క బంతి. నడవాలో అడుగుల చప్పుడు వినిపించింది. హచియా ఫోన్‌ను చేతుల్లోకి తీసుకుని చెవికి ఆనించుకున్నాడు. ఒక్క బంతి, ఒక్క బంతి ఆగండి అని మనసులోనే ఆ అడుగులను బతిమాలుకున్నాడు.

వ్యాఖ్యాత గొంతు చించుకున్నాడు. బ్యాట్ గాలిని కొట్టింది. అవుట్.

"వేశాడు! వేసేశాడు బావా! ప్లేఆఫ్స్!" గెంజో బల్ల మీద గుద్దాడు. బీరు ఒలికింది. అంత మనిషీ ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

హచియాకు ఇప్పుడు కూడా ఏడుపు రాలేదు. లేచి, కోటు సర్దుకున్నాడు.

"తనకి నేనే చెబుతాను. నువ్వు చెప్పకు," అన్నాడు.

తలుపు మెల్లగా తెరుచుకుంది.

తెల్లటి చేతితొడుగులు వేసుకున్న ఉద్యోగి నడుము దాకా వంగి, "హచియా గారూ, మీ అమ్మాయి దహనం పూర్తయింది, అస్థికలు ఏరడానికి చాప్‌స్టిక్స్ సిద్ధంగా ఉంచాం, ఇద్దరిద్దరుగా దయచేయండి," అన్నాడు.