మందుల షాపు మార్చిన రోజు

ఉదయకిరణ్ స్నానానికి వెళ్లగానే సుప్రజ అతని ఫోను తీసి, ఆస్పత్రి పంపిన మెసేజీలోని ప్రిస్క్రిప్షన్ నంబరు అరచేతిలో రాసుకుంది.

మొగుడి ఫోను దొంగచాటుగా చూడటం ఇదే మొదటిసారి. తప్పలేదు. ఈ మందు ఇంకో షాపులో తీసుకుందామని ఏడాదిగా అడుగుతోంది. అతను వినడు. నీ ఆరోగ్యం దగ్గర బేరాలేంటని కసురుకుంటాడు.

పెళ్లై ఐదేళ్లు. సౌదీలోని జుబైల్ వచ్చి నాలుగేళ్లు. పిల్లల్లేరు.

వచ్చిన కొత్తలోనే అతను ఈజిప్టు డాక్టరమ్మకు చూపించాడు. అప్పటికే పదేళ్లుగా ఇక్కడి ప్లాంటులో ఆపరేటరు కాబట్టి అరబ్బీ ధారాళంగా వచ్చు. లోపల అంతా అతనే మాట్లాడాడు. బయటికొచ్చాక విడమరిచి చెప్పాడు. గర్భసంచిలో చిన్న లోపం ఉందట. మందు వాడితే సర్దుకుంటుందట. నెలకు నాలుగొందల రియాళ్లు. ఇన్సూరెన్సు వర్తించదు.

ఆ ఖర్చు తలుచుకునే సుప్రజ చెల్లెలి పెళ్లికి కూడా వెళ్లలేదు.

అతను మాత్రం ఆ ఖర్చుకు ఏనాడూ విసుక్కోలేదు. నెలనెలా తనే తెస్తాడు. ఆమెకు శ్రమ లేకుండా మాత్రలన్నీ అట్టల్లోంచి తీసి సీసాలో పోసి పెడతాడు. భోజనాలయ్యాక ఒకటి తీసి, నీళ్లతో సహా చేతికిస్తాడు. షిఫ్టులో ఉంటే ఫోన్ చేసి, వేసుకున్నానని చెప్పేదాకా పెట్టడు.

అయినా నెల తిరిగేసరికి నిరాశే. ఒక్క రోజు అటూ ఇటూ కాకుండా.

భీమవరం నుంచి అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా ఆ గొడ్రాలిని వదిలించుకోమని కొడుక్కి చెబుతూనే ఉంది. ఇంకొక్క ఏడాది ఆగమ్మా అని అతను బతిమాలడం సుప్రజ పక్క గదిలోంచి విన్నది. ఆ ఏడాది వచ్చే నెలతో ఆఖరు. అలాంటి మనిషికి ఈ ఒక్క భారమైనా తగ్గించాలనుకుంది.

కూరగాయల మార్కెట్టు వెనక షాపులో మందులు చవకని పక్క ఫ్లాటు వాళ్లు చెప్పారు. కౌంటరులో ఉన్నది తెనాలి ఆవిడ, మేరాజ్ బేగం. తెలుగు వినగానే ఆవిడ ముఖం విప్పారింది. అరచేతిలోని నంబరూ, ఇఖామా అనే నివాస కార్డూ చూసి కంప్యూటరులో కొట్టింది.

"మా షాపుకి మార్చేశానమ్మా. నెలకు పాతిక రియాళ్లు."

సుప్రజ నమ్మలేక మళ్లీ అడిగింది. పాతికే. ఆ పాత షాపువాడు నాలుగేళ్లుగా తన మొగుణ్ణి ఎంత దోచుకున్నాడో తలుచుకుంటే ఒళ్లు మండింది. మరుక్షణం నవ్వొచ్చింది. సాయంత్రం అతను డ్యూటీ నుంచి రాగానే చెప్పాలి. అప్పుడు అతని మొహం చూడాలి.

"మా ఆయన నాకోసం ఎన్ని వేలు పోశారో అక్కా," అంది.

"అలా చూసుకునే మగాళ్లు ఎంతమందమ్మా," అంటూ మేరాజ్ మూడు నెలల మందు కవరులో పెట్టింది. కవరు అందిస్తూ ముందుకు వంగి, సొంత చెల్లెలికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"ఒక్క రోజు కూడా మరిచిపోకు తల్లీ, మరిచావంటే కడుపొచ్చేస్తుంది."