రెండో ఎల్క్

మొదటి తూటా పొట్టలో దిగింది.

ఎల్క్ పడలేదు. గుర్రమంత దుప్పి అది. పేగులు ఈడ్చుకుంటూనే పరిగెత్తి, బండల మధ్య కూలబడి అరవసాగింది.

"మళ్లీ కొట్టురా! ఎంత నరకమైతుందో చూడు దానికి!" అరిచాడు నిశాంత్.

శ్రీహర్ష పళ్లు బిగించి, దగ్గరికెళ్లి మెడ మీద కాల్చాడు. నెత్తురు చిమ్మి మొహాన పడింది. అరుపు ఆగింది.

కొలరాడో కొండలు ఇద్దరికీ కొత్త. 2008 అక్టోబర్. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒకే ఆఫీస్ వాళ్లది. నిశాంత్‌కి సిటిజన్‌షిప్ ఉంది, తుపాకీ ఉంది, వేట లైసెన్స్ ఉంది. శ్రీహర్షకి ఉన్నది వీసా ఒక్కటే.

అక్కడ ఒక లైసెన్స్‌కి ఒకటే ట్యాగ్, ఒక ట్యాగ్‌కి ఒకటే ఎల్క్. చంపినవాడు తన ట్యాగ్ మీద సంతకం పెట్టి దాని కొమ్ముకి కట్టాలి. నిశాంత్ ట్యాగ్ నిన్న కొట్టిన ఎల్క్‌తో అయిపోయింది.

"ఒక్కసారి నేనూ కాలుస్తానురా" అని శ్రీహర్ష ముచ్చటపడ్డాడు.

"కాల్చు బై. గీ అడవిలో ఎవడు చూస్తడు?" అన్నాడు నిశాంత్.

ముచ్చటా తీరింది, చూసేవాడూ వచ్చాడు.

పైన్ చెట్ల వెనక నుంచి దిగాడో ముసలాయన. డెబ్బై దాటి ఉంటాయి. నారింజరంగు టోపీ, పాత ఖాకీ కోటు, భుజాన తుపాకీ.

"ఎవరు కాల్చారు?"

"నేనే" అన్నాడు నిశాంత్.

ముసలాయన నిశాంత్ కేసి చూడనైనా లేదు. శ్రీహర్ష మొహం మీది నెత్తురు చూశాడు, చేతిలోని తుపాకీ చూశాడు.

"ట్యాగ్ ఏదీ?"

సోమవారం శ్రీహర్షకి గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ. ఎనిమిదేళ్ల ఎదురుచూపు. లైసెన్స్ లేకుండా తుపాకీ పట్టాడని తెలిస్తే కార్డు సంగతి దేవుడెరుగు, దేశంలోనే ఉండనివ్వరు. ఇంట్లో నీహారికకి ఏడో నెల.

"సర్, ప్లీజ్! ట్యాగ్ లేదు, లైసెన్స్ లేదు. మండే నా గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ. నా వైఫ్ ప్రెగ్నెంట్. మమ్మల్ని పంపించేస్తారు సర్!" చేతులు జోడించాడు.

"మీరు వేట తనిఖీ చేసే వార్డెనా?" అడిగాడు నిశాంత్.

"కాదు" అన్నాడు ముసలాయన. లోయలోకి వేలు చూపించాడు. గుర్రం మీద ఎవరో పైకి వస్తున్నారు. "వార్డెన్ అడుగో. చప్పుడు విని వస్తున్నాడు. పది నిమిషాల్లో ఇక్కడుంటాడు."

అని ఎల్క్ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. కోటు జేబులోంచి కాగితం తీశాడు, పెన్ను తీశాడు.

"కేసు రాస్తుండురా!" అన్నాడు నిశాంత్.

ఖాకీ తొడుక్కున్నవాడు కాగితం మీద పెన్ను పెడితే అది కేసేనని మనవాళ్లకి ఉగ్గుపాలతో పోశారు మరి!

ముసలాయన కొమ్ముల మీదికి ఒకసారి వంగి, లేచి వచ్చి చెయ్యి చాపాడు. "తుపాకీ ఇవ్వు."

"సాక్ష్యం కోసం అడుగుతుండు. ఇయ్యకు!"

"అబ్బాయ్, టైం లేదు. ఇటివ్వు" అంటూ ఆయన గొట్టం పట్టుకున్నాడు. శ్రీహర్ష లాగాడు. ఆయన వదల్లేదు.

"ముందు నా మాట విను..."

వినే స్థితిలో ఉన్నాడా శ్రీహర్ష! ఒక్క గుంజు గుంజి తుపాకీ తిప్పి, దాని మడమతో ఆయన కణత మీద కొట్టాడు. టోపీ ఎగిరిపోయింది. ఇంకోటి కొట్టాడు. ముసలాయన వెనక్కి తూలి బండ మీద పడ్డాడు. తల పగిలింది. కాళ్లు రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయాయి.

"ఎంత పని చేసినవ్‌రా!"

శ్రీహర్ష చేతిలోంచి తుపాకీ జారిపోయింది. పారిపోవాలనుకున్నారు ఇద్దరూ. అప్పటికే గుర్రం డెక్కల చప్పుడు దగ్గరికొచ్చేసింది.

వార్డెన్ వచ్చాడు. గుర్రం దిగుతూనే ముసలాయన మెడ దగ్గర వేళ్లు పెట్టి చూశాడు. తన టోపీ తీసేశాడు. కాసేపటికి లేచి ఎల్క్ దగ్గరికెళ్లి, కొమ్ముకి కట్టిన కాగితం తిప్పి చదివాడు.

"ట్యాగ్ ఈయనదే, సంతకం ఈయనదే. ఎల్క్‌ని కొట్టి దిగొస్తూ జారిపడ్డాడా?"

నిశాంత్ గబగబా తలూపాడు. నోరు విప్పకన్నట్టు శ్రీహర్ష చెయ్యి నొక్కాడు.

శ్రీహర్ష ఆ చెయ్యి విడిపించుకుని కొమ్ము దగ్గరికెళ్లాడు. కాగితం చదివాడు.

అది కేసు కాదు. ముసలాయన ట్యాగ్. ఎల్క్‌ని చంపింది తనేనని సంతకం పెట్టాడు. తుపాకీ అడిగింది సాక్ష్యానికి కాదు, వార్డెన్ వచ్చేసరికి శ్రీహర్ష చేతిలో అది ఉండకూడదని. అయ్యో, ఒక్క నిమిషం ఆగి వింటే!

ఒక్క అబద్ధం ఆడితే చాలు, సోమవారం ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు.

"నేనే కాల్చాను సర్" అంటూ బావురుమన్నాడు. "ఈయన్ని కూడా నేనే చంపాను. నన్ను కాపాడ్డానికి తన ట్యాగ్ కట్టాడు."

వార్డెన్ నమ్మలేదు. "ఈయనా? ఇంకొకళ్ల వేటకి తన ట్యాగ్ కట్టాడా?"

శ్రీహర్ష తలూపాడు.

వార్డెన్ ఆ సంతకాన్ని మళ్లీ చదివాడు.

"నాకన్నా ముందు ముప్పై ఏళ్లు ఈ కొండలకి వార్డెన్ ఈయనే. ఇలాగే పరాయివాడి ఎల్క్‌కి ట్యాగ్ కట్టాడని సొంత తమ్ముణ్ణి బోనెక్కించాడు."