నాలుగో ప్యాకెట్

నాలుగో ప్యాకెట్‌లో ఏముందో చెప్పేదాకా ఫోన్ పెట్టేది లేదన్నాడు కోటయ్య.

ఇంట్లో వైన్ చేసుకునే కిట్లు అమ్మే ఆ కంపెనీ అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో ఉంది. కస్టమర్ సపోర్ట్‌లో ఫోన్ తీసిన శ్రీవిద్య, తనకు రాసిచ్చిన జవాబునే మూడోసారి చదివింది. కిట్‌లోని పదార్థాలన్నీ ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్నవే, అంతకుమించి వివరాలు ఇవ్వలేం.

ఆమె పేరు విన్నప్పటి నుంచి ఆయన తెలుగులోకి వచ్చేశాడు. ఉండేది అక్కడే అరోరా అనే ఇంకో ఊళ్లో. ఆరు వారాలు కనిపెట్టుకుని ఉండి ముప్పై సీసాల వైన్ చేశాడు. శనివారం ఇంట్లో కూతురి ఎంగేజ్‌మెంట్. కాబోయే అల్లుడు నిశాంత్‌కి రొయ్యలు పడవు. ఒకసారి ఫ్రైడ్ రైస్‌లో పొరపాటున ఒక్కటి తగిలితే ఆంబులెన్స్ పిలవాల్సి వచ్చింది. వైన్‌ని తేటపరచడానికి వేసేవాటిలో కొన్నిటిని రొయ్య పెంకుల నుంచి తీస్తారని కూతురు ఎక్కడో చదివి చెప్పింది. తీరా ప్యాకెట్ తిప్పి చూస్తే నాలుగు అన్న అంకె, తేటపరిచేది అన్న మాట తప్ప ఇంకేమీ లేవు.

“నాకు మీ ఫార్ములా ఏమీ వద్దమ్మా. రొయ్య ఉందా, లేదా? ఒక్క మాట చెప్పు చాలు.”

జవాబు శ్రీవిద్య ఎదురుగా స్క్రీన్ మీదే ఉంది. చెప్పడానికి లేదు. కిట్‌లో ఏముందో బయటపెడితే ఉద్యోగం పోతుందని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. మాస్టర్స్ అయ్యాక, చదువుకున్నవాళ్లను కొంతకాలం పనిచేసుకోనిచ్చే ఓపీటీ మీద దొరికిన మొదటి ఉద్యోగం అది. పోతే మూడు నెలల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. పైగా ప్రతి కాల్ రికార్డవుతుంది.

ఆమె మ్యూట్ నొక్కి, అద్దాల గదిలో కూర్చున్న మేనేజర్ రేణు వైపు చూసింది. రేణు ఇక్కడే పుట్టి పెరిగింది, కానీ తెలుగులో మాట్లాడితే అంతా అర్థమవుతుంది. ఏ రోజు ఎవరి కాల్ తీసి వింటుందో తెలియదు.

శ్రీవిద్య మ్యూట్ తీసింది.

“ఉందండి. రొయ్య పెంకు నుంచి తీసిందే. మీ అల్లుడికి ఒక్క గుక్క కూడా ఇవ్వకండి.”

తన కూతురి బతుకు నిలబెట్టావన్నాడు కోటయ్య. పిల్లాపాపలతో చల్లగా ఉండమన్నాడు. తనకింకా పెళ్లి కాలేదని శ్రీవిద్య చెప్పలేదు.

ఆ వారమంతా రేణు గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె తలెత్తి చూసింది, లంచ్ సగంలోనే వదిలేసింది. ఎవరూ పిలవలేదు. సోమవారం కోటయ్య మళ్లీ ఫోన్ చేసి, ఆమె కావాలని అడిగి మరీ మాట్లాడాడు. ఎంగేజ్‌మెంట్ బాగా జరిగిందట. వచ్చినవాళ్లందరికీ మామిడి రసమే పోశాడట. ఆ మధ్యాహ్నం శ్రీవిద్య లంచ్ బాక్స్ మొత్తం ఖాళీ చేసింది.

నెల తర్వాత రేణు పిలిచింది. లోపలికి రాగానే తలుపు వేయమంది. శ్రీవిద్య కూర్చోలేదు. నన్ను తీసేస్తున్నారా అని తనే ముందు అడిగింది.

రేణుకి అర్థం కాలేదు. ఆమె పిలిచిన సంగతి వేరు. ఉజ్వల అని ముప్పై ఏళ్ల అమ్మాయి, తమ కిట్‌తో చేసిన వైన్ అర గ్లాసు తాగి పడిపోయింది. రొయ్యల అలర్జీ. వారం నుంచి ఐసీయూలోనే ఉంది. వాళ్ల లాయర్ కంపెనీకి నోటీస్ పంపాడు. ఇకమీదట ప్రతి ప్యాకెట్ మీదా లోపల ఏముందో ప్రింట్ చేయాలని నిన్ననే పైవాళ్లు తేల్చారు.

శ్రీవిద్యకు భయం పోయి కోపం వచ్చింది. ఆ అమ్మాయి మనకి ఫోన్ చేసిందా అని అడిగింది. రేణు అప్పటికే రికార్డులన్నీ వెతికించింది, ఆ అమ్మాయి చేయలేదు.

“చేసినా చెప్పేవాళ్లం కాదు. నేను ఒక్కాయనకి చెప్పాను రేణూ, రూల్ దాటి. వాళ్లింట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ప్యాకెట్ మీద రాసుంటే ఈ అమ్మాయికీ ఏమీ అయ్యేది కాదు.”

రేణు తిట్టలేదు.

“దాని గురించి తర్వాత మాట్లాడదాం. నాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆ బాటిల్ మీద ఏదో రాసుంది. లీగల్ వాళ్లకి ఇంగ్లీష్‌లో కావాలి.”

లాప్‌టాప్ ఇటు తిప్పింది. ఫొటోలో మూడొంతులు నిండిన సీసా, దాని మెడకు ఎర్ర రిబ్బన్. లేబుల్ మీద నీలం సిరాతో చేత్తో రాసిన గుండ్రటి అక్షరాలు. శ్రీవిద్య ముందుకు వంగి పైకే చదివింది.

“గృహప్రవేశ శుభాకాంక్షలతో ఉజ్వలకి. మా ఇంట్లో చేసిన వైన్. అచ్చంగా ద్రాక్షే, ఇంకేమీ కలపలేదు. మీ కోటయ్య అంకుల్.”