వెనక సీట్లో కూర్చునే మనిషి

కాలువ రేవులో కార్లు కడిగే వెంకటస్వామికి చేతబడి తెలుసని కొత్తపేట చుట్టుపక్కల అందరూ నమ్మేవారు.

కారు కడగడం పూర్తి కాగానే అతను వెనక సీట్లోకి ఎక్కి, తలుపు వేసుకుని కాసేపు కదలకుండా కూర్చునేవాడు. దిగి, రెండో పక్కనుంచి ఎక్కి, మళ్లీ అలాగే చేసేవాడు. అప్పుడతని పెదవులు కదులుతాయని కొందరు, సీటు కింద ఏదో పెడతాడని మరికొందరు చెప్పుకునేవారు. కూర్చోవడం మాత్రం అందరూ చూశారు. తక్కినదంతా ఒకరి నోట ఒకరు విన్నదే.

అయినా కార్లు అతని దగ్గరికే వచ్చేవి. పనితనం అలాంటిది. పైకప్పు దగ్గర మొదలుపెట్టి కిందికి దిగేవాడు. చక్రాలు తుడిచిన గుడ్డను అద్దాలకు తగలనిచ్చేవాడు కాదు. తలుపులు బార్లా తీసి, అంచుల్లో ఇరుక్కున్న బురదను వేలికి గుడ్డ చుట్టి మరీ తీసేవాడు.

బుజ్జిబాబు కొబ్బరితోటల ఆసామి. కారు కొత్తది. కూతురు కీర్తి ఒకటో తరగతి.

కారు కొన్ననాడే అతని తల్లి బుల్లెమ్మ నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కించింది. "ఆ స్వామి చేతికి మాత్రం ఇవ్వకురా బుజ్జీ, చంటిది తిరిగే కారు" అని ఒట్టు కూడా వేయించుకుంది.

వానాకాలపు బురద ముందు ఆ ఒట్టు నిలవలేదు.

రేవు పక్కనే ఉన్న నూకాలమ్మ దుకాణంలో టీ తాగుతూ బుజ్జిబాబు కారునే కనిపెట్టి చూస్తున్నాడు. వెంకటస్వామి వెనక తలుపుల అంచులు తుడవడం ముగించి, తలెత్తాడు.

"బాబుగారూ, పాప ఏ పక్కన కూర్చుంటుందండీ?"

బుజ్జిబాబు చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"ఎందుకూ?"

"ఏం లేదండీ. ఒకసారి ఎక్కి చూసి చెబుతానండి."

చెబుతూనే అతను వెనక సీట్లోకి ఎక్కి తలుపు వేసుకున్నాడు.

బుజ్జిబాబు ఒక్క అంగలో కారు దగ్గరికి వెళ్లాడు. తలుపు తీసి, జబ్బ పట్టుకుని బయటికి లాగాడు.

"నా కూతురు ఎక్కడ కూర్చుంటే నీకెందుకయ్యా?"

"అది కాదండీ, ఆ తలుపు..."

"నోరు ముయ్యి! ఈ రేవులో మళ్లీ కనపడితే కాళ్లిరగ్గొడతాను."

"ఇన్నాళ్లకి అడిగే మొగాడొచ్చేడు" అన్నాడు టీ తాగుతున్న ఒకాయన.

వెంకటస్వామి అందరి ముఖాలూ చూశాడు.

"ఆయ్" అన్నాడు.

గుడ్డలు పిండుకుని, బకెట్టు తీసుకుని, గట్టు వెంట వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బుల్లెమ్మ కొడుకును తిట్టి, మనవరాలికి ఉప్పుతో దిష్టి తీసి, కారుకు మళ్లీ నిమ్మకాయలు తొక్కించింది.

కొద్దిరోజులకే, ముగ్గురూ అమలాపురం నుంచి తిరిగి వస్తుండగా కొబ్బరికాయల లారీ ఎదురైంది. దారి ఇవ్వబోయి బుజ్జిబాబు కారును అంచుకు తిప్పాడు. వానకు నానిన గట్టు జారిపోయింది.

కారు ముక్కు కాలువ బురదలో దిగబడింది. ముందు తలుపులు రెండూ కదల్లేదు. మీట నొక్కినా అద్దాలు దిగలేదు. నీళ్లు బుజ్జిబాబు మోకాళ్లు దాటాయి.

"నాన్నా, తలుపు తియ్యనా?" వెనకనుంచి కీర్తి ఏడుస్తూ అడిగింది.

"అది లోపల్నుంచి రాదమ్మా!"



కీర్తి మీట లాగింది.

తలుపు తెరుచుకుంది.

ముందు పాప, తర్వాత బుల్లెమ్మ, చివరికి సీట్ల మధ్యనుంచి పాక్కుంటూ బుజ్జిబాబు గట్టెక్కారు. వాళ్లు చూస్తుండగానే కారు వెనక భాగం కూడా నీళ్లలోకి జారింది.

"నిమ్మకాయలే కాపాడేయిరా" అంది బుల్లెమ్మ వణుకుతూ.

కారును బయటికి లాగించాక మెకానిక్ నాగసతీష్ వేరే మాట చెప్పాడు.

"నిమ్మకాయల సంగతి నాకు తెలవదు గానండీ, వెనక తలుపులకి చైల్డ్ లాకు తీసేసి ఉందండి. అది వేసుంటే లోపల్నుంచి ఎంత లాగినా రాదు."

"కారు కొన్నప్పుడు నేనే వేశాను. దారిలో పాప తలుపు తీసేస్తుందని భయం."

"మరి తీసిందెవరండీ? తలుపు తెరిస్తే గాని అంచులో ఆ చిన్న మీట కనపడదు. తుడిచేవాళ్లకి తప్ప దాంతో ఎవరికీ పనుండదు."

బుజ్జిబాబు నేరుగా రేవుకు వెళ్లాడు.

రేవు ఖాళీగా ఉంది.

"స్వామి ఏడి, నూకాలమ్మా?"

"మీరు పొమ్మన్నాక ఉంటాడాండీ?"

"ఏ ఊరు వెళ్లాడు?"

"చెప్పలేదండీ."

"చేతబడి చేస్తాడని అన్నారు..."

"అన్నోళ్లంతా ఇక్కడే టీ తాగేరు. నన్నొక్కరూ అడగలేదండీ."

ఆమె గ్లాసు కడిగి బోర్లించింది.

"కడిగిన ప్రతి కారులోనూ కూర్చుని, తలుపు లోపల్నుంచి వస్తోందో లేదో చూసుకునేవోడండీ. ఒకప్పుడు అల్లవరంలో డ్రైవరంట. కారు కాలవలో పడితే ముందు తలుపులోంచి తను బయటికొచ్చేడు. వెనక పాప ఉంది. ఆ తలుపు లోపల్నుంచి రాలేదు."

"ఎవరి పాప?"

"స్వామి సొంత కూతురేనండీ. దారిలో జారి పడకూడదని ఆ తాళం వేసిందీ ఆయనేనండీ."