ఎనిమిది పోగులు

కూతురు కటింగ్ ప్లేయరుతో తీగ కొసను పుటుక్కున తుంచేసేసరికి తల్లి కుర్చీలోంచి సగం లేచింది.

“అదేంటమ్మా, మా మరిది కొత్తగా వేయించిన తీగ అది,” అంది ఇంటావిడ. లెక్కల టీచరు. పదకొండింటికి కంప్యూటరులో పిల్లలకు పాఠం మొదలుపెట్టాలి. అప్పటికే పది నలభై.

ఇంటింటికీ నెట్ పెట్టే కంపెనీలో చేరాక కూతురు ఒంటరిగా వచ్చిన మొదటి ఇల్లు ఇది. పని బాగుందని టీచరు చెబితేనే ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్ళీ ఆఫీసులో కూర్చుని ఫోనులెత్తడమే. నువ్వు మాత్రం రావద్దని కూతురు గట్టిగానే చెప్పింది. కానీ తల్లి కాలు నిలవలేదు. కరెంటు కొడితే? స్టూలు మీంచి పడితే? ఆ ఇంట్లో వాళ్ళు ఎలాంటివాళ్ళో ఏమో. పది నిమిషాలాగి వెనకాలే వచ్చేసింది. పక్క వీధిలో ఉంటామనీ, తామూ నెట్ పెట్టించుకుందామనుకుంటున్నామనీ, ఓసారి చూసి పోతాననీ టీచరుతో అబద్ధమాడింది. టీచరు లోపలికి రమ్మని రూటరు పక్కనే కుర్చీ వేసింది. కూతురు ఒకసారి తలెత్తి, ఎవరో ఎరగనట్టు మళ్ళీ పనిలో పడింది.

“తీగ మంచిదేనండీ. ఈ కొసలో పోగుల వరస తప్పింది, అందుకే నెట్ వస్తూ పోతూ ఉంది,” అంది కూతురు. గోడమీది పెట్టెకీ రూటరుకీ మధ్య ఉన్న పొట్టి తీగను కూడా పీకి చూపించింది. దాని కొసన కొక్కెం విరిగిందట. రంధ్రంలో దూరుతుంది గానీ బిగుసుకోదట. సంచిలోంచి కొత్తది తీసి గుచ్చితే టక్కుమంది.

“మా మరిది ఇంజనీరమ్మా,” అంది టీచరు, నమ్మకం కుదరక.

 కూతురు కొస తుంచిన తీగకు పైతోలు ఒలిచింది. లోపల ఎనిమిది సన్నటి పోగులు, ఒక్కోటి ఒక్కో రంగు. వాటిని వేళ్ళతో సాపు చేసి, వరసలో పేర్చి, తీగ చివర బిగించే గోరంత ప్లాస్టిక్ ప్లగ్గులోకి ఒక్కసారిగా దూర్చి నొక్కింది. ఒక్క పోగూ పక్కకు జరగలేదు. తన జడ తాను అల్లుకోవడం ఇప్పటికీ సరిగా రాని పిల్ల. ఈ నేర్పు ఎప్పుడొచ్చిందో, ఈ స్థిమితం ఎక్కడిదో. తల్లి ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయింది.

పరీక్ష చేసే డబ్బాకు తగిలిస్తే ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు వరసగా వెలిగాయి. లోపలి గదిలో కంప్యూటరు తెర మీద పిల్లల ముఖాలు ఒక్కొక్కటే వచ్చాయి. ఒక్క ముఖం కూడా మధ్యలో కదలకుండా ఆగిపోలేదు.

టీచరు కంపెనీ కాగితం మీద ‘చాలా బాగుంది’ అని రాసి సంతకం పెట్టింది. కూతురు సామాను సర్దుకుని, టీచరు ఇచ్చిన స్టూలు పెట్టేసి రావడానికి వరండాలోకి వెళ్ళింది.

ఇక తల్లి వల్ల కాలేదు. “అది నా కూతురండీ,” అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. అబద్ధమాడినందుకు ఈవిడ ఆ కాగితం కాస్తా చింపేస్తే?

టీచరు నవ్వింది.

“తెలుసండీ. పొద్దున్నే ఫోను చేసి చెప్పింది. ‘రావద్దన్నా మా అమ్మ నా వెనకాలే వస్తుంది. నేను పనిచేస్తుంటే ఆవిడ ఎప్పుడూ చూడలేదు. నా చేతులు కనిపించే చోట కూర్చోబెట్టండి’ అంది.”